ఆఫ్రికాలో లేసర్ విజ్ఞానం : ముందు యంత్రమా, మనిషా?

మేము పూర్వం పనిచేసిన ఒక కళాశాలలో భౌతికశాస్త్ర విభాగానికి ఒక హీలియం-నియాన్ లేసర్ వచ్చింది. అది వచ్చిననాడు ప్రయోగశాలలో పండుగ వాతావరణం నెలకొన్నది. తెలుగు శాఖకు చెందిన మమ్ములను కూడా ఆదరంతో పిలిచి చూపించారు. కిటికీలు మూసిన గదిలో ఎదుటి గోడమీద ఆ ఎర్రని వెలుగు కుంకుమబొట్టువలె నిలిచినప్పుడు విద్యార్థులు కరతాళ ధ్వనులు చేశారు. ఆ వేసవిలో విద్యుత్తు హెచ్చుతగ్గులకు దాని పవర్ సప్లై కాలిపోయింది. బాగుచేయగలవారు ఊరిలో లేరు. అమ్మినవారికి ఉత్తరాలు వెళ్లాయి, జవాబులు వచ్చాయి; మరమ్మతుకు వారు అడిగిన సొమ్ము మంజూరు కాలేదు. చివరకు దానిని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తరువాత ప్రతి సంవత్సరం స్టాక్ రిజిష్టరులో దాని పేరుకు ఎదురుగా 'ఒకటి - ఉన్నది' అని వ్రాస్తూ వచ్చారు. ఆడిటు వారికి అభ్యంతరం లేకపోయింది. మూడు తరగతుల విద్యార్థులు మాత్రం ఆ వెలుగును చూడకుండానే పట్టాలు పుచ్చుకొని వెళ్లిపోయారు.

ఆఫ్రికా దేశాలలో లేసర్ పరిశోధనను, శిక్షణను నెలకొల్పడానికి జరుగుతూ వస్తున్న కృషిని గురించి చదివినప్పుడు మాకు మొట్టమొదట ఆ బీరువాయే జ్ఞాపకం వచ్చింది. భాషాబోధకులకు లేసర్లతో ఏమి పని అని పాఠకులు ప్రశ్నించవచ్చు. ఆ కిరణంలోని భౌతికశాస్త్రం మాకన్న మా సహోపాధ్యాయులకు బాగా తెలుసునని ముందుగానే ఒప్పుకుంటున్నాము. అయితే ఒక విద్య ఒక నేలలో ఏ విధంగా వేళ్లూనుకుంటుంది, ఏ విధంగా ఎండిపోతుంది అనే ప్రశ్న ఉపాధ్యాయులందరిదీ. ఆ ప్రశ్నకు ఆఫ్రికా అనుభవం చెప్పే సమాధానాన్ని మన విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచడమే మా ఉద్దేశం.

లేసర్ చరిత్ర అందరికీ విదితమే. 1917లో ఐన్‌స్టీన్ మహాశయుడు ఉత్తేజిత ఉద్గారమనే సూత్రాన్ని ప్రతిపాదించాడు. 1960 మే 16న అమెరికాలోని కాలిఫోర్నియాలో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికాన్ని ఉపయోగించి మొదటి లేసర్‌ను వెలిగించాడు. మామూలు దీపపు వెలుగు నలుదిక్కులకు చెదరిపోతుంది; లేసర్ వెలుగు ఒకే రంగుతో, ఒకే దిశలో, క్రమశిక్షణ గల సైన్యంవలె సాగిపోతుంది. ఆ గుణంవల్లనే అది కంటిలోని రెటీనాకు చికిత్స చేస్తున్నది, ఉక్కును కోస్తున్నది, గాజుతీగలలో సముద్రాల అడుగున వార్తలు మోస్తున్నది, ఆకాశంలోని ధూళిని కొలుస్తున్నది. 2018 నుండి ఆ మే 16వ తేదీనే యునెస్కో అంతర్జాతీయ కాంతి దినోత్సవంగా పాటిస్తున్నది.

ఆకలి, దప్పిక, వ్యాధి తీరని దేశాలకు ఈ లేసర్లు దేనికి అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. ప్రశ్న దయతో అడిగినదే కావచ్చు. కాని అందులో ఒక చిన్నచూపు దాగి ఉన్నది. అన్నం పండించడానికి, వ్యాధిని గుర్తించడానికి కూడా నేడు శాస్త్రమే ఆధారమనే సంగతిని అది మరచిపోతున్నది. మలేరియానే తీసుకుందాం. మన సికిందరాబాదుకు ఈ వ్యాధి చరిత్రలో చెరగని స్థానం ఉన్నది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని తన సూక్ష్మదర్శినితో చూచినది ఇక్కడనే. ఆనాటి నుండి నూట పాతిక సంవత్సరాలు దాటినా, ప్రపంచంలోని మలేరియా మరణాలలో సుమారు 95 శాతం నేటికీ ఆఫ్రికా ప్రాంతంలోనే సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మరణించేవారిలో అధికసంఖ్యాకులు అయిదేండ్లలోపు పసిబిడ్డలు.

ఈ వ్యాధి విషయంలో కాంతిశాస్త్రం ఏమి చేయగలదో చూపించిన ప్రయత్నాలు ఆఫ్రికాలోనే జరిగాయి. ఘనా దేశంలోని కేప్‌కోస్ట్ విశ్వవిద్యాలయంలో లేసర్, ఫైబర్ ఆప్టిక్స్ కేంద్రం ఉన్నది. ఆ కేంద్రంవారు, పశ్చిమ, తూర్పు ఆఫ్రికాలలోని వారివంటి మరికొన్ని బృందాలు స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేశాయి. సామాన్యమైన సూక్ష్మదర్శినికి వేర్వేరు రంగుల చిన్న ఎల్.ఇ.డి. దీపాలను అమర్చి, ఒక్కొక్క రంగులో నెత్తుటి చుక్కను చిత్రించి, ఆ చిత్రాల తేడానుబట్టి క్రిమి జాడను పట్టే పద్ధతిపై పరిశోధనలు చేశాయి. ఈ పరికరంలోని భాగాలు చౌకగా దొరికేవి. చెడిపోతే అక్కడనే మార్చుకోదగినవి. ఇది మేము ప్రత్యేకంగా గమనించిన సంగతి.

టాంజానియాలో జరిగిన మరొక పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది. ఒక గ్రామం పొలాలమీదుగా లేసర్ కిరణాన్ని ప్రసరింపజేసి, ఎగిరే దోమల రెక్కల నుండి తిరిగి వచ్చే వెలుగును దూరదర్శినితో పట్టుకున్నారు. రెక్కలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నవో లెక్కించి, ఎగిరేది ఎటువంటి కీటకమో తెలుసుకోవడానికి ప్రయత్నించారు. 2016 సెప్టెంబరులో సూర్యగ్రహణం ఏర్పడినప్పుడు దోమల సంచారం ఏ విధంగా మారిందో కూడా ఆ కిరణమే చెప్పింది. దోమ ఏ వేళ బయలుదేరుతుందో తెలిసినవాడు దానిని ఏ వేళ ఎదుర్కోవాలో తెలుసుకుంటాడు. ఇటువంటి విజ్ఞానాన్ని విలాసమని ఎవరు అనగలరు?

లేసర్ విద్య ఆఫ్రికాకు కావాలా అనే శంక ఇంతటితో తీరినట్లే. అది అక్కడ ఏ విధంగా నిలుస్తుంది అనేదే అసలు ప్రశ్న.

ఆఫ్రికా నేలకు కాంతిశాస్త్రం పరాయిది కాదు. మన ఉర్దూ విభాగపు మిత్రులు ఇబ్నుల్ హైసమ్ పేరు ఎరుగుదురు. బస్రాలో జన్మించిన ఆ మహామేధావి కైరో నగరంలో నివసించి, పదకొండవ శతాబ్ది ప్రథమ పాదంలో 'కితాబ్ అల్-మనాజిర్' అనే కాంతిశాస్త్ర గ్రంథాన్ని రచించాడు. కంటినుండి కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయనే ప్రాచీన మతాన్ని ఖండించి, వస్తువునుండి వచ్చిన వెలుగే కంటిని చేరుతుందని ప్రయోగపూర్వకంగా వివరించాడు. 2015ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా ప్రకటించినప్పుడు ఆయన కృషికి వేయి సంవత్సరాలు నిండిన సందర్భాన్ని కూడా ప్రపంచం స్మరించుకున్నది. అదే కైరో విశ్వవిద్యాలయంలో 1994లో లేసర్ శాస్త్రాలకు ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. వెయ్యేండ్లలో మొదలుకు, కొనసాగింపుకు నడుమ ఎంత విరామం!

ఆ విరామానికి మరొక నిదర్శనం అహమద్ జువైల్ జీవితం. 1946లో ఈజిప్టులోని దమన్‌హూర్‌లో జన్మించి, అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయంలో చదివిన ఆయన పైచదువుకు అమెరికా వెళ్లారు. ఒక సెకనును కోటి కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ పదిగా విభజిస్తే వచ్చే కాలాన్ని ఫెమ్టోసెకండ్ అంటారు. అటువంటి క్షణికమైన లేసర్ మెరుపులతో రసాయనచర్య జరుగుతున్నప్పుడే అణువుల కదలికను చూపించి, 1999లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. ఈజిప్టు గర్వించదగిన విషయమే. కాని ఆ లేసర్లు వెలిగింది నైలునది ఒడ్డున కాదు, కాలిఫోర్నియాలో. ప్రతిభకు ఆఫ్రికాలో ఎన్నడూ కొరత లేదు. ఆ ప్రతిభ నిలిచి పనిచేయదగిన చోటుకే కొరత.

ఈ బాధను స్వయంగా అనుభవించినవారు అబ్దుస్సలాం. కేంబ్రిడ్జిలో పేరు సంపాదించి 1951లో లాహోరుకు తిరిగివచ్చిన ఆ యువ భౌతికశాస్త్రజ్ఞునికి మాట్లాడటానికి సమానశాస్త్రజ్ఞుడు లేడు, చదవడానికి కొత్త పత్రికలు రావు. దేశమా, భౌతికశాస్త్రమా అనే సంకటంలో పడి 1954లో ఆయన మళ్లీ కేంబ్రిడ్జికి వెళ్లిపోయారు. ఆ సంకటం మరొకరికి రాకూడదనే పట్టుదలతో 1964లో ఇటలీలోని ట్రియస్టెలో అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రాన్ని స్థాపించారు. బీదదేశాల శాస్త్రజ్ఞులు స్వదేశంలోనే ఉద్యోగం చేస్తూ, కొన్నేండ్ల కాలంలో కొన్ని పర్యాయాలు అక్కడికి వచ్చి, కొన్ని వారాలు పనిచేసి, మళ్లీ ఇంటికి మరలిపోయే ఏర్పాటు చేశారు. 1979లో ఆయనకు లభించిన నోబెల్ బహుమతి ఎంత గొప్పదో, ఈ ఏర్పాటు కూడా అంత గొప్పదని మా అభిప్రాయం. లేసర్ విద్యలో ఆఫ్రికా ఉపాధ్యాయులు అనేకులు ఆ ట్రియస్టె కళాశిబిరాలలోనే తొలిపాఠాలు నేర్చుకున్నారు.

ఈ దారిలోనే 1991లో సెనెగల్ రాజధాని డాకార్ కేంద్రంగా ఆఫ్రికా లేసర్, పరమాణు, అణు, కాంతిశాస్త్రాల సమాఖ్య ఏర్పడింది. డాకార్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అహ్మదూ వాగె దీనికి నాయకత్వం వహించారు. ఖరీదైన పరికరాలు లేని రోజులలో సభలు, శిక్షణ శిబిరాలు జరిపి, ఒకరినొకరు ఎరుగని శాస్త్రజ్ఞులను ఒకచోట చేర్చడమే ఆ సమాఖ్య చేసిన మొదటి మేలు.

దక్షిణాఫ్రికా కథ వేరు. అక్కడ లేసర్లు సమృద్ధిగా ఉండేవి. కాని అందరికీ అందేవి కావు. వర్ణవివక్ష పాలనకాలంలో, 1980లలో, ప్రిటోరియా సమీపంలోని పెలిండాబా అణుకేంద్రంలో లేసర్ కిరణాలతో యురేనియంను శుద్ధిచేసే పథకాన్ని చేపట్టారు. ఎంచుకున్న పరారుణ కిరణాన్ని ప్రసరింపజేసి యురేనియం-235 ఉన్న అణువులను మాత్రమే ప్రేరేపించి వేరుచేయడం ఆ పథకంలోని కీలకం. 1994లో ప్రజాస్వామ్యం వచ్చింది. 1997లో ఆ పథకం నిలిచిపోయింది. మిగిలిన లేసర్లను, వాటిని నడపడం తెలిసిన నిపుణులను ఏమిచేయాలి? తుక్కుకు అమ్మవచ్చు, బీరువాలో పెట్టవచ్చు. వారు ఆ రెండూ చేయలేదు. 2000లో సి.ఎస్.ఐ.ఆర్. సంస్థలో జాతీయ లేసర్ కేంద్రాన్ని స్థాపించారు. పరికరాలను విశ్వవిద్యాలయాలకు వాడుకకు ఇచ్చి, పని ముగిసిన తరువాత మరొకరికి ఇచ్చే పద్ధతిని నెలకొల్పారు. గోప్యంగా సాగిన పని కోసం కొన్న యంత్రం ఆ విధంగా విద్యార్థి బల్లమీదికి వచ్చింది. ఇంతకన్న మంచి పరివర్తన ఒక యంత్రానికి ఏముంటుంది?

దాని ఫలం కూడా కనబడింది. 2013లో అదే కేంద్రంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న శాండిలె న్గ్‌కోబో, సహచరులు ప్రపంచంలో మొదటి డిజిటల్ లేసర్‌ను ప్రదర్శించారు. సాధారణంగా లేసర్ కిరణపు ఆకృతిని మార్చాలంటే ఖరీదైన అద్దాలను మార్చాలి. వీరు లేసర్‌లోని ఒక అద్దానికి బదులుగా కంప్యూటర్ ఆజ్ఞకు లోబడే ద్రవస్ఫటిక తెరను అమర్చారు. తెరమీది చిత్రం మారితే కిరణం ఆకృతి మారుతుంది. అద్దాలు కొనే స్తోమత లేనివాడికే ఇటువంటి ఊహ రావాలని నియమం లేదుగాని, వచ్చినప్పుడు దాని విలువ వానికే ఎక్కువ తెలుస్తుంది.

2003లో దక్షిణాఫ్రికా, ఈజిప్టు, అల్జీరియా, ట్యునీసియా, సెనెగల్, ఘనా దేశాలలోని ఆరు సంస్థలు చేయి కలిపి ఆఫ్రికన్ లేసర్ సెంటర్‌ను నెలకొల్పాయి. పేరు సెంటర్ అయినా దానికి గోపురాలు గల భవనం లేదు. ప్రిటోరియాలో కార్యాలయం మాత్రం ఉన్నది. ఒక దేశపు విద్యార్థి మరొక దేశపు ప్రయోగశాలలో కొన్ని నెలలు గడపడం, రెండు దేశాల అధ్యాపకులు కలిసి ఒక పరిశోధన చేపట్టడం, ఉపకారవేతనాలు, శిక్షణ శిబిరాలు, పరికరాల వినియోగం - ఇవే దాని కార్యక్రమాలు. ఒక్కచోట బ్రహ్మాండమైన కేంద్రాన్ని కట్టడంకన్న, ఉన్న చిన్న ప్రయోగశాలలనే దారంతో పూలవలె కూర్చిన ఈ పద్ధతి మాకు మెచ్చదగినదిగా తోచింది. కట్టడం ఒక దేశానిదవుతుంది. కూర్పు అందరిదీ అవుతుంది.

ఈ ప్రశంసతో పాటు కొన్ని లోపాలను కూడా చెప్పక తప్పదు. ఖండం పేరు ధరించిన ఈ సంస్థ ఖర్చుకు ప్రధానంగా దక్షిణాఫ్రికా ప్రభుత్వపు ధనంపైనే ఆధారపడుతూ వచ్చింది. ఒకే స్తంభంమీద నిలిచిన పందిరి ఎంతకాలం గాలికి ఓర్చుకుంటుంది? ఆఫ్రికా దేశాధినేతలు 2007లో అడిస్ అబాబాలో సమావేశమై, జాతీయోత్పత్తిలో ఒక శాతాన్ని పరిశోధనకు కేటాయించాలని తీర్మానించారు. తీర్మానం ఘనమైనదే. అత్యధిక దేశాలు నేటికీ ఆ గీతను చేరలేదు. ఐరోపా దాతలు ఇచ్చే సహాయం విలువైనదే అయినా, దాత ఆసక్తి మారినపుడు ప్రయోగశాల దీపం కొండెక్కకూడదు. ఎంత స్వల్పమైనా ప్రతి దేశం తన వంతు సొమ్మును తన ఖజానానుండి చెల్లించినపుడే ఆ విద్య తనదవుతుంది.

రెండవ లోపం మనిషికి సంబంధించినది. పరిశోధకునికి ఉపకారవేతనం ఉన్నది, ఆచార్యునికి విమానపు టిక్కెట్టు ఉన్నది. యంత్రాన్ని రోజూ తుడిచి, అద్దాన్ని సరిచేసి, విద్యుత్తు పోయినప్పుడు కాపాడే టెక్నీషియన్‌కు శిక్షణ ఇవ్వడం అందరూ చివరకు తలచుకునే పని. బీరువా పాలయిన మా లేసర్‌కు కొరవడినది సిద్ధాంతం తెలిసినవారు కారు. ఒక పవర్ సప్లైని విప్పి బాగుచేయగల చేతులు. ఆఫ్రికాలో లక్షలు వెచ్చించి తెప్పించిన పరికరాలకు కూడా విద్యుత్తు హెచ్చుతగ్గులు, విడిభాగాల జాప్యం, కస్టమ్స్ ఆలస్యం శత్రువులు. పదిమంది డాక్టరేట్లకు ఇద్దరైనా మంచి పనివారు లేని ప్రయోగశాల, కమ్మరి లేని పల్లెవంటిది. నాగలి విరిగిననాడు వ్యవసాయం ఆగిపోతుంది.

మూడవది భాష. డాకార్‌లో చదువు ఫ్రెంచిలో, కేప్‌కోస్ట్‌లో ఇంగ్లీషులో. కైరోలో ప్రజల భాష అరబ్బీ. ఇరుగుపొరుగు దేశాల శాస్త్రజ్ఞులకన్న ఒకప్పటి పాలక దేశపు శాస్త్రజ్ఞులతో మాట్లాడటం సులభమయ్యే స్థితిని వలసపాలన మిగిల్చిపోయింది. ఈ గోడను దాటి సెనెగల్ విద్యార్థి ప్రిటోరియాకు వెళ్లినప్పుడు అతడు నేర్చుకునేది లేసర్ ఒక్కటే కాదు. ఒకే సంచికలో ఉర్దూను, తెలుగును పక్కపక్కన అచ్చువేసుకునే మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ కృషిలో మన దేశానికి కూడా పాత్ర ఉన్నది. 2010లో భారత ప్రభుత్వం ఆఫ్రికా పరిశోధకుల కొరకు సి.వి.రామన్ పేరిట ఫెలోషిప్పులను ప్రారంభించింది. కాంతి పరిక్షేపణాన్ని స్వదేశంలోనే, స్వల్పమైన పరికరాలతో పరిశోధించి 1930లో నోబెల్ బహుమతి పొందిన రామన్ పేరు ఇందుకు ఎంతో తగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే ఆఫ్రికా విద్యార్థులను మనలో అనేకులు చూచే ఉంటారు. వారిని వింతగా చూడక, మీ ఊరి ప్రయోగశాలలో ఏమున్నది, ఏమి కావాలి అని అడగగలిగితే ఆ స్నేహం ప్రభుత్వాల ఒప్పందంకన్న తక్కువ ఫలమివ్వదు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఆఫ్రికా పేరిట మేము చెప్పినదంతా మన విషయమే. యంత్రం కొనడం ఒకనాటి పని. దానిని నడిపే మనిషిని తయారుచేయడం పది సంవత్సరాల పని. పరీక్షకు మార్కులిచ్చే ప్రయోగం పూర్తికాగానే చేతులు కడుక్కొని పోకుండా, పరికరం లోపల ఏమున్నదో, ఎందుకు చెడిపోతుందో అడిగి తెలుసుకోండి. స్క్రూడ్రైవరు పట్టుకోవడం డిగ్రీ చదివినవాడికి తక్కువతనం కాదు.

కమిటీ పెద్దలకు మా విన్నపం రెండే. పరికరం కొనే ప్రతి సందర్భంలోనూ దాని ధరలో కొంత భాగాన్ని మరమ్మతుకు, దానిని చూచుకునే ప్రయోగశాల సిబ్బంది శిక్షణకు ముందుగానే ప్రక్కన పెట్టాలి. మన వద్ద లేని పరికరం పొరుగు కళాశాలలో ఉంటే, మన వద్ద ఉన్నది వారికి లేకపోతే, ఇచ్చిపుచ్చుకునే మర్యాదను ఏర్పరచుకోవాలి. ఆరు దేశాలు సరిహద్దులు దాటి చేయగలిగిన పనిని ఒకే ఊరిలోని రెండు కళాశాలలు చేయలేవా?

స్టాక్ రిజిష్టరులో 'ఉన్నది' అని వ్రాసిన ప్రతి వస్తువూ విద్యార్థి కంటికి కూడా ఉన్నదిగా కనబడే రోజు రావాలని ఆకాంక్షిస్తూ విరమిస్తున్నాము.